ముందు విను, తర్వాత చూడు

కండక్టరు ఉద్యోగం చేస్తే గొంతు ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా "ముందుకి జరగండి, ముందుకి!" అన్నట్టే ఉంటుందని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. ఆ ఎండాకాలం ఆ గొంతుతో నేను పొద్దస్తమానం అరిచిన మాట ఒక్కటే. "అదిగో, అటు చూడు!"

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో దాన్ని బొంగరం అంటాం. బళ్ళో బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదంటే, ఈ కాలం పిల్లలకి ఇది మామూలేగా, కళ్ళజోడు పెట్టిస్తే సరిపోతుందనుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చుక్కల మందు వేసి, మిషను మీద దాని గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత పిల్లని బయట కూర్చోబెట్టి రమ్మన్నాడు. మంచి మాటైతే పిల్ల ముందే చెప్తారు కదా!

"కంటి లోపలి పొర పాడైపోతోంది. పుట్టుకతో ఉన్నదే, ఇప్పుడు బయటపడింది. కళ్ళజోడుతో పోయేది కాదు. ఆపరేషనూ లేదు."

"మరి?"

"ఎంతకాలమని చెప్పలేం. కొందరికి ఏళ్ళు పడుతుంది. ఈ పాపకి వేగంగా ఉంది. చూపులేని పిల్లల బడి ఒకటుంది. ఇప్పట్నుంచే వేళ్ళతో చదవడం నేర్పిస్తే తర్వాత ఇబ్బంది పడదు."

నేను లేచి నిలబడ్డాను. "కళ్ళుండగానే నా కూతుర్ని గుడ్డిబడికి పంపమంటారా? మీ పిల్లైతే పంపుతారా?" అని అరిచాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగింది. డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టాడు. నాలాంటివాళ్ళని రోజూ చూస్తుంటాడు పాపం.

బయటికొచ్చాక బొంగరం అడిగింది, "ఏమన్నాడు నాన్నా?"

"ఏం లేదు. మందులు వాడితే తగ్గుతుందన్నాడు."

సరే అంది. అది కూర్చున్నది తలుపుకి అవతలే. నా గొంతు సంగతి ఇందాకే చెప్పాను.

ఆ రోజే కంకణం కట్టుకున్నాను. చూపు ఉన్నన్నాళ్ళలో దీనికి లోకమంతా చూపించెయ్యాలి. తర్వాత చీకటే అయినా, లోపల చూసుకోవడానికి నాలుగు బొమ్మలైనా ఉండాలి కదా. సెలవులివ్వగానే దాన్ని నా బస్సులో డ్రైవరు వెనక, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఆ సీటు దగ్గరికి ఎవరొచ్చినా కుక్కలా గుర్రుమనేవాణ్ణి. ఒక పెద్దాయన, "ఏమయ్యా, బస్సు మీ మావగారిదా? కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు కూడా. మనం కళ్ళు అన్న మాట లేకుండా నాలుగు ముక్కలు మాట్లాడలేమని నాకు ఆ ఎండాకాలమే తెలిసింది.

టిక్కెట్లు కొడుతూనే మధ్యమధ్య వంగి కేకేసేవాణ్ణి. "అదిగో రైలు! చూశావా?"

"చూశాను నాన్నా."

"ఎన్ని పెట్టెలు?"

"చాలా."

"చాలా అంటే? సరిగ్గా చూడు, మళ్ళీ..." అని ఆగిపోయేవాణ్ణి.

ఎర్రగా పూసిన చెట్లు, కొత్త మేడ మీద క్రేను, నది ఇసకలో పడుకున్న గేదెలు, గొడుగు కింద తాళాలు బాగుచేసే ముసలాయన. ఏది కనిపిస్తే అది. కొన్నిసార్లు బస్సు దాటిపోయేది. అయ్యో, మిస్సయిపోయిందే అని నేను తల కొట్టుకుంటుంటే అదే నన్ను ఓదార్చేది. "పోనీలే నాన్నా, నువ్వు చెప్పు ఎలా ఉందో." నేను చెప్పేవాణ్ణి. ఏదో, నాకొచ్చినట్టు.

మా డ్రైవరు నాకు చుట్టమేం కాదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద తిరిగి బావా అంటే బావా అనుకుంటాం. ఒకరోజు చివరి స్టాపులో టీ తాగుతూ అన్నాడు, "బావా, పిల్లని రేపు పరీక్షకి కూర్చోబెడుతున్నట్టు ఉంది నీ వరస. దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"నీకేం, నీ పిల్లలకి బానే కనిపిస్తుంది."

అనకూడని మాట. వాడు మనసులో పెట్టుకోలేదు. గ్లాసు కడిగి ఇచ్చేసి వచ్చి చెప్పాడు, "వంతెన పక్కన మ్యూజియం ఉందా, అందులో సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి మన ఊరి చరిత్రంతా కథలుగా చెబుతున్నారట. మా అన్నయ్య మనవలు వెళ్తున్నారు. ఇంటికొచ్చి ఒకటే సోది. పాపని అక్కడ చేర్పించు. తోటిపిల్లలుంటారు."

తోటిపిల్లల సంగతి నా బుర్రకెక్కలేదు. మ్యూజియం అన్న మాటొక్కటే ఎక్కింది. ఊళ్ళో వస్తువులన్నీ, బొమ్మలన్నీ, పాతవన్నీ ఒకే కప్పు కింద! ఇలా కిటికీలోంచి ఏరుకునే బాధ ఉండదు. మర్నాడే తీసుకెళ్ళి చేర్పించాను.

ఒకప్పుడు రేవు దాటే సరుకుల మీద సుంకం వసూలు చేసిన భవనం అది. ఎత్తు తలుపులు, చల్లటి గచ్చు, వరసగా గదులు. కథలు చెప్పేది రిటైరైన టీచరు ఒకావిడ. పిల్లలంతా కథల టీచర్ అనేవారు. బక్కగా ఉంటుంది. గొంతేమో బొంగురు. చెప్పులు గుమ్మంలో వదిలేసి ఒట్టి కాళ్ళతో తిరుగుతుంది. రోజూ పొద్దున బొంగరాన్ని అక్కడ దింపి, నా డ్యూటీ మారే వేళకి ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. "ఇవాళ ఏం చూశావు?" అని అడిగితే కథ చెప్పేది. ఏం చూశావంటే కథ చెబుతుందేంటి అని విసుక్కునేవాణ్ణి.

ఒకరోజు బస్సు బ్రేకులు పట్టడం లేదని డిపోలో పెట్టేశారు. తొందరగా ఖాళీ దొరికింది కదాని మ్యూజియానికి వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాను. పిల్లలంతా చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి! నా బొంగరం కూడా. ఒళ్ళో చేతులు పెట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, హాయిగా నవ్వుతోంది. టీచరు వాళ్ళ వెనకాల చప్పుడు లేకుండా నడుస్తూ చెబుతోంది.

"మంచు పడింది. అవతలి గట్టు లేదు. పడవ లేదు. నది కూడా లేదు, చప్పుడే ఉంది. అప్పుడు ఇవతలి గట్టు మీద నిలబడి కేకలామె కేకేసింది. ఆమె పనే అది. పడవవాడికి గట్టు ఎటుందో చెప్పడం. ఎలా కేకేసిందీ?"

"ఓహోయ్!" అన్నారు పిల్లలు. అందరికంటే గట్టిగా మా అమ్మాయి. నా గొంతే వచ్చింది దానికి. టీచరు బరువైన తెడ్డు ఒకటి ఒక్కొక్కరి ఒళ్ళోనూ పెట్టుకుంటూ పోయింది. వాళ్ళు కళ్ళు మూసుకునే తడిమారు, వాసన చూశారు, పక్కవాళ్ళకి అందించారు. గోడల నిండా బొమ్మలు, గాజు బీరువాల నిండా వస్తువులు, నా కూతురేమో కళ్ళు మూసుకుని కూర్చుంది.

నాకు తిక్క రేగింది. చరచరా లోపలికెళ్ళాను.

"ఏం మేడమ్, ఏంటిది? పిల్లల్ని చూడ్డానికి పంపిస్తే కళ్ళు మూయిస్తారా?"

పిల్లలు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. ఆవిడ తడబడలేదు. "ముందు విని, తర్వాత చూడాలండీ ఇక్కడ. ముందే చూపించేస్తే కత్తి చూశాం, పడవ చూశాం, ఇంటికెళ్దాం అంటారు. కథ విన్నాక చూస్తే వదలరు. ఆఖర్న అన్నీ చూపిస్తాను."

"మిగతావాళ్ళకి ఆఖరు ఉంటుంది. దీనికి..." ఆవిణ్ణి వరండాలోకి రమ్మన్నాను. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. "దాని కళ్ళు ఎన్నాళ్ళుంటాయో తెలీదు. ఉన్న కాస్తా మీరు మూయించి పారేస్తున్నారు."

ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది. "పాపని అడిగారా?"

"చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. "సరేనండి. మీ అమ్మాయి కళ్ళు తెరుచుకునే కూర్చుంటుంది," అంది.

ఇంటికెళ్ళే దారిలో బొంగరం నా చెయ్యి పట్టుకుని నడిచింది. మలుపు దగ్గర మెల్లగా అంది, "అందరూ మూసుకుంటే నేనొక్కదాన్నే తెరుచుకుంటే దొంగాట అంటారు నాన్నా. నన్నూ అందరిలా ఉండనీ."

"వాళ్ళలా ఎలా ఉంటావే! నువ్వు..." నాలిక కొరుక్కున్నాను. అది తలెత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే అరవడం నాకు అలవాటు. "చెప్పిన మాట విను. కళ్ళు తెరుచుకుని కూర్చో. అంతే!"

ఇంట్లో మా ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ అన్నీ వినేది, ఏదీ అనేది కాదు. అది చూస్తే నాకు మండుకొచ్చేది. ఒక ఆదివారం పిల్ల మంచినీళ్ళ చెంబు తన్నేసింది. "చూసుకుని నడవొద్దూ!" అని గయ్యిమన్నాను. బొంగరం గుడ్డ వెతుక్కుని నేల తుడిచి, పెరట్లోకి వెళ్ళిపోయింది. మిషను ఆగింది.

"దాన్ని తిప్పడం చాలించండి. అలిసిపోతోంది," అంది మా ఆవిడ.

"నీకసలు బాధ లేదా? కన్నతల్లివేనా? నేను ఊరూవాడా తిప్పుతుంటే నువ్వు రవికెలు కుట్టుకుంటూ కూర్చున్నావు."

మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారం తెంపి, సూది దిండుకి గుచ్చి అడిగింది, "అది ఇంట్లో ఎలా నడుస్తోందో ఎప్పుడైనా చూశారా మీరు?"

"నా కూతురు నడవడం చూడ్డానికి టిక్కెట్టు కొట్టుకోవాలా?"

మళ్ళీ మిషను మొదలెట్టింది. ఆ చప్పుడులో ఏడిస్తే వినబడదు. అది కూడా నాకప్పుడు తట్టలేదు.

నా వెర్రి ముదిరింది. డ్యూటీలు మార్చుకున్నాను, పైవాళ్ళతో తిట్లు తిన్నాను. సాయంత్రం పూట దాన్ని వంతెన మీదికి తీసుకెళ్ళి నదిలోకి దిగే సూర్యుణ్ణి చూపించాను. "ఎర్రగా ఉంది కదా?" "ఎర్రగా ఉంది నాన్నా." "నీళ్ళలో కూడా ఉంది, చూశావా?" "చూశాను." అది చూశానన్న ప్రతిసారీ ఒక బొమ్మ దాని లోపల దాచిపెట్టినట్టు ఉండేది నాకు. అంతలోనే ఇంకా ఎన్ని మిగిలిపోయాయో అని భయం పట్టుకునేది. కొండలు చూపించలేదు. సముద్రం చూపించలేదు. ఒక్కోసారి బస్సులో నిలబడి ఉండగానే చేతిలోంచి చిల్లర కింద పడేది. గుడ్డికన్నా మెల్ల మేలంటారు. మెల్లయినా మిగల్చవా తండ్రీ అని ఎవరిని అడుగుతున్నానో తెలీకుండానే అడిగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కథల టీచరు నా బస్సెక్కింది. జనం కిక్కిరిసి ఉన్నారు. కమ్మీ పట్టుకుని నా దగ్గరికి జరుగుతూ వచ్చింది.

"మీతో ఒక మాట."

"టిక్కెట్టు ఎక్కడికి మేడమ్?"

"మీ కోసమే ఎక్కాను. ఆ కళ్ళు తెరుచుకోమన్న మాట వెనక్కి తీసుకోండి. పాప అందర్లోంచీ విడిపోయి కూర్చుంటోంది. అంతకుముందు ఎంత బాగా..."

"ముందుకి జరగండమ్మా, ముందుకి! ముందు ఖాళీ ఉంది!" అని అరిచాను. ముందు చీమ దూరే సందు లేదు.

ఆవిడ కదలలేదు. "మీరు వినరు కదా. సరే, ఆఖరి రోజు పిల్లలు కథ చెబుతారు. ఇంట్లోంచి ఒక్కొక్కరు రావాలి. మీరే రండి. డ్యూటీ అనొద్దు."

ఆవిడ దిగిపోయాక బావ అద్దంలోంచి నన్ను చూశాడు. "పెద్దావిడ ఏదో చెప్పాలని వచ్చింది బావా. విని ఉండాల్సింది."

"నువ్వు బండి నడుపు."

వాడు గేరు మార్చాడు. వాడి మొహమూ ఎందుకో అదోలా ఉంది.

ఆఖరి రోజుకి ముందు సాయంత్రం మొదటి వాన పడింది. పొద్దున మ్యూజియం వరండా అంతా తడి కాళ్ళ గుర్తులు. తల్లులూ తండ్రులూ తాతలూ బారుగా నిలబడ్డారు. మా ఆవిడ కూడా వచ్చింది కానీ, "మీరే వెళ్ళండి" అని నన్ను ముందుకి తోసి స్తంభం దగ్గర నిలబడిపోయింది.

కథల టీచరు అందరికీ గుడ్డ పీలికలు పంచింది. "ఇన్నాళ్ళూ పిల్లలు కళ్ళు మూసుకుని విన్నారు. ఇవాళ మీ వంతు. మీ పిల్లలు చెయ్యి పట్టుకుని గదులన్నీ తిప్పుతారు. వాళ్ళు తియ్యమన్నప్పుడే గంతలు తియ్యాలి. దొంగచూపులు చూస్తే ఔటే!"

జనం నవ్వారు. నేను వంగితే బొంగరం మునివేళ్ళ మీద లేచి నా కళ్ళకి గంత కట్టింది. ముడి గట్టిగా వేసింది. దాని ఊపిరి నా చెవికి వెచ్చగా తగిలింది.

"పద నాన్నా. నా చెయ్యి వదలకు."

మొదటి గుమ్మంలోనే నా భుజం తలుపుకి కొట్టుకుంది. "చూసుకుని నడవొద్దూ!" అంది అచ్చం నాలాగే. తర్వాత అదే నా భుజం నిమిరింది. ఎంత ధీమాగా నడుస్తోందో! ఎక్కడా ఆగదు, తడుముకోదు. నేనే కాళ్ళు ఈడుస్తూ, చెయ్యి చాపుకుంటూ, ఎప్పుడు దేన్ని గుద్దుకుంటానో అని బిక్కచచ్చి నడిచాను.

"ఇది పడవ. ఇక్కడ చెయ్యి పెట్టు. నున్నగా ఉందా? ఎక్కేటప్పుడు జనం పట్టుకుని పట్టుకుని అలా అరిగింది. ఇది సుంకం త్రాసు. దీని పళ్ళెంలో నేను పడతాను, నువ్వు పట్టవు. ఇప్పుడు మంచు పడింది నాన్నా, అవతలి గట్టు లేదు..."

కేకలామె కథ మొత్తం చెప్పింది. ఎండా వానా అనకుండా గట్టు మీద నిలబడి పడవలకి దారి చెప్పింది ఆవిడ. తర్వాత ఊరికి వంతెన వచ్చింది. పడవలు పోయాయి. నీతో ఇంక పని లేదన్నారు. అయినా మంచు పడిన రోజు ఆవిడ వెళ్ళి వంతెన మొదట్లో నిలబడి కేకేసేది, నడిచేవాళ్ళు అంచుకి పోకుండా. "ఎవరూ అడగలేదు నాన్నా, ఊరికే. ఎందుకంటే ఎవరైనా చెబితే చాలు, నడవొచ్చు." పక్కన ఇంకెవరో పిల్లాడు వాళ్ళ తాతకి వేరే కథ చెబుతున్నాడు. నాకది వినబడలేదు. గంత తడిసిపోయింది. నా కూతురు ఇంత మాట్లాడగలదని నాకు తెలీదు. ఇన్నాళ్ళూ నేనేగా మాట్లాడింది.

ఆఖరి గదిలో నన్ను నిలబెట్టి, నా భుజాలు పట్టుకుని అటు తిప్పింది. "ఇప్పుడు చూడొచ్చు. గంత తియ్యి. వంతెన తెరిచిన రోజు బొమ్మ ఇది. ఎంతమంది జనమో చూడు. గొడుగులు, గుర్రాలు, బ్యాండు మేళం. పెద్దవాళ్ళంతా మధ్యలో ఉన్నారు. ఆ కింద మూల చూడు, ఎడం పక్క. ఒకావిడ నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడిందా? ఆవిడే. కనిపించిందా?"

గంత తీశాను. వెలుతురుకి కళ్ళు చిట్లించి చూశాను.

గోడ ఉంది. బొమ్మ లేదు. బొమ్మ ఉన్న చోట సున్నం రంగు తేడాగా ఉంది, దాని మీదుగా పైనుంచి చెమ్మ దిగింది. నా కూతురు ఆ ఒట్టి గోడకేసి వేలు చూపిస్తూ, మొహం వెలిగిపోతుండగా నిలబడి ఉంది.

మూల స్టూలు మీద కూర్చున్న అటెండరు లేచాడు. "వానకి గోడ కారుతోందని పొద్దున్నే తీశామండీ..." అనబోతుంటే చెయ్యెత్తి ఆపాను. అప్పటికే సగం మాట బయటికొచ్చేసింది.

బొంగరం వేలు మెల్లగా కిందికి దిగింది.

"లేదా నాన్నా అక్కడ?"

ఇంత గొంతు పెట్టుకుని, ఒక్క అక్షరం రాలేదు. మోకాళ్ళ మీద కూలబడి దాని మొహం రెండు చేతులతో పట్టుకున్నాను. కళ్ళు నాకేసే ఉన్నాయి. నా మీద లేవు.

"దొరికిపోయానా?" అంది.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఇక్కడ చేరినప్పుడు మసక మసగ్గా ఉండేది. తర్వాత తర్వాత వెలుతురొక్కటే. కిటికీలు తెలుస్తాయి." నా చేతుల మీద చేతులు వేసి అంది, "కళ్ళు తెరిచినా మూసినా నాకు ఒకటే. కానీ మూసుకుంటే అందరికీ ఒకటే కదా. అందుకని బాగుండేది."

దేవుడా! అందరితో సమానంగా కూర్చున్న ఆ ఒక్క చోటునుంచీ దాన్ని లేపింది నేనే.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఒట్టేయించుకున్నాను."

"టీచరుకి?"

"ముందే కనిపెట్టేశారు. ఆవిడతో కూడా ఒట్టేయించుకున్నాను. డ్రైవర్ మావయ్యకి కూడా తెలుసు. బస్సు మెట్లు ఎక్కించేది ఆయనేగా."

తెలీనిది నాకొక్కడికే. అటు చూడు, ఇటు చూడు అంటూ ఊరంతా తిరిగినవాడికి.

"నాకెందుకు చెప్పలేదు తల్లీ? నేనేమంటాననుకున్నావు?"

అది నా చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ నిలబడింది. డాక్టరు గది బయట ఏం విందో, వంతెన మీద సూర్యుడు ఎర్రగా ఉన్నాడని ఎందుకందో, అన్నీ ఒక్కసారిగా నా మీదికొచ్చి పడ్డాయి.

"చెబితే నువ్వు చూపించడం మానేస్తావని," అంది.

నేను ఏడ్చాను. జనమున్నారని కూడా చూడలేదు, పెద్దగానే ఏడ్చాను. గుమ్మంలోకి మా ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక టీచరు. ఎవరూ దగ్గరికి రాలేదు. బొంగరం నా తల మీద చెయ్యి వేసి, నేను సద్దుకునేదాకా అలాగే ఉంది. తర్వాత పిల్లలకుండే విసుగు దానికీ వచ్చింది.

"సరే, బొమ్మ లేదు. మరి ఏముంది అక్కడ?"

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేకపోవడమేంటి నాన్నా? సరిగ్గా చెప్పు."

మొహం తుడుచుకుని ఆ గోడ చూశాను. అంతకుముందు దేన్నీ అలా చూసి ఎరగను.

"గోడ ఉంది," అన్నాను. "బొమ్మ ఉన్నంత మేర తెల్లగా ఉంది, చుట్టూ పాతబడింది. పైనుంచి నీళ్ళు కారి ఒక చార దిగింది. మధ్యలో ఆగిపోయింది. ఇంకా, ఒక మేకు ఉంది."

"ఎలాంటి మేకు?"

"పెద్దది. పాతకాలంది, తల వెడల్పుగా ఉంది. తుప్పు పట్టింది. బరువు మోసి మోసి కొంచెం కిందికి వంగింది."

"ఎంత వంగింది?"

చెప్పడం నా వల్ల కాలేదు. దాన్ని ఎత్తుకుని, వేలు పట్టుకుని మేకు మీద పెట్టాను. అది తల దగ్గర్నుంచి గోడ దాకా మెల్లగా తడిమి చూసుకుంది.

"అవును నాన్నా, వంగింది," అంది.